చేతిబొమ్మని ఊపితే ఆట అయిపోదు

చేతికి తొడుక్కుని ఆడించే చేతిబొమ్మల ప్రదర్శన అంటే ఎంత దూరమైనా వెళ్తాను. ఈమధ్య చూసినవాటిలో మాత్రం చాలావరకు ఒకటే తంతు. వెనక రికార్డు చేసిన డైలాగు మోగుతుంటుంది, తెర మీద బొమ్మ తల ఊగుతుంటుంది. తల్లికి ఏడుపొచ్చినా అదే ఊపు, రాక్షసుడికి కోపమొచ్చినా అదే ఊపు. వినాల్సిన బొమ్మ కూడా ఊగుతూనే ఉంటే, మాట్లాడేది ఎవరో పిల్లలకి ఎలా తెలుస్తుంది?

ఆడించేవాళ్ళని అడిగితే, "బొమ్మ ముఖం కదలదు కదండీ, ఇంతకన్నా ఏం చూపిస్తాం" అంటారు. ఈ మాటకే నాకు ఒళ్ళు మండుతుంది.

కేరళలో పాలక్కాడు దగ్గర పరుత్తిప్పుళ్ళి అనే ఊరి పావకథకళి చూడండి, అంటే కథకళి వేషాలతో ఆడే చేతిబొమ్మలాట. అడుగు, రెండడుగుల బొమ్మ. తల, చేతులు కొయ్యవి, కింద గుడ్డ సంచి. ముఖంలో ఏదీ కదలదు. చూపుడువేలు తలలో, బొటనవేలు, నడిమివేలు బొమ్మ చేతుల్లో. ఇక నడుమంటే మన మణికట్టే. ఇంతమాత్రంతో భారతంలోని సౌగంధిక పుష్పం కథ, కల్యాణసౌగంధికం, ఆడతారు! పువ్వు కోసం దూకుడుగా వచ్చే భీముడు, దారికి అడ్డంగా పడుకున్న ముసలి హనుమంతుడు. ఒకరికి మణికట్టు నిటారుగా, బిగువుగా ఉండాలి. ఇంకొకరికి వదులుగా, బరువుగా వాలాలి. హనుమంతుడి తోకని కదపలేకపోయిన భీముడి సిగ్గు చూపడానికి పదిసార్లు తల ఊపక్కర్లేదు. చూపుడువేలు కాస్త వంచి, చూపు నేలకి దించి, అలాగే ఆపాలి. ఆ ఆపడమే మనవాళ్ళకి చేతకావడం లేదు.

పైగా అక్కడ ఆడించేవాళ్ళు తెర చాటున దాక్కోరు. నేల మీద కూర్చుని, అందరికీ కనబడుతూ, బొమ్మ పడే బాధని తమ ముఖంలోనూ పడతారు. వాళ్ళ పూర్వీకులు ఆంధ్ర ప్రాంతం నుంచి వలస వెళ్ళినవాళ్ళని చెబుతారు. దాదాపు అంతరించిన ఆ విద్యని 1980లలో, మన హస్తకళలకి అండగా నిలిచిన కమలాదేవి ఛటోపాధ్యాయ ప్రోత్సాహంతో, కేరళలోనే ఇరింజాలకుడకు చెందిన కళాకారుడు జి. వేణు మళ్ళీ నిలబెట్టారు. మన మూలాలున్న విద్య అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఆ వేళ్ళ పనిని ఒక్కసారైనా దగ్గర నుంచి చూస్తే బాగుండు.

మన టీచర్లకి పెట్టే బొమ్మలాట వర్క్‌షాపుల్లో సమయమంతా కాగితపు గుజ్జు, రంగులు, జరీ అంచులకే పోతోంది. ఆడించడానికి చివర్లో ఏ అరగంటో మిగులుతుంది. దయచేసి దీన్ని తిరగేయండి. మొదట బొమ్మే ఇవ్వకండి. చూపుడువేలికి కాగితపు ఉండ గుచ్చి, మాటల్లేకుండా ఒక ముసలమ్మ ఎవరి కోసమో ఎదురుచూడటం ఆడించమనండి. ముందు చూపు తిరగాలి, ఆ తర్వాతే ఒళ్ళు. కూర్చున్న బొమ్మకీ ఊపిరి ఆడుతున్నట్టు మణికట్టు సన్నగా లేచి దిగాలి. అది కుదిరిన చేతికే రంగుల బొమ్మ ఇవ్వండి.