ర్యామ్ కొనేముందు చదవాల్సింది పెట్టెను కాదు, మదర్‌బోర్డు మాన్యువల్‌ను

కంప్యూటర్ మొరాయిస్తే ర్యామ్ పెంచుకోమనే సలహా సరైనదే. తప్పంతా కొనే తీరులో జరుగుతోంది. పెట్టె మీద 3600 అనో 6000 అనో పెద్దగా అచ్చేసిన అంకెకే అందరూ డబ్బు పెడుతున్నారు. ఆ వేగం అందుకునే సత్తా ఆ స్టిక్‌కు (ర్యామ్ పట్టీకి) ఉందన్నదే దాని అర్థం. మీ ప్రాసెసర్, మీ బోర్డు కూడా అందుకుంటాయని అందులో ఎక్కడా హామీ లేదు.

డీడీఆర్4-3600 స్టిక్ (డీడీఆర్4 ర్యామ్ తరం, 3600 వేగం) పెట్టి ఆన్ చేస్తే చాలాసార్లు అది 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంది. మెమరీ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ జెడెక్ ప్రకారం దానిలో రాసి ఉన్న మామూలు వేగం అదే. 3600 కావాలంటే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరిచే సెట్టింగుల్లో, ఎక్స్‌ఎంపీ అనే వేగం ప్రొఫైల్ ఆన్ చేయాలి. ఏఎండీ డీడీఆర్5 బోర్డుల్లో దాని పేరు ఎక్స్‌పో. ప్రాసెసర్లు తయారుచేసే ఇంటెల్, ఏఎండీ రెండూ దీన్ని ఓవర్‌క్లాకింగ్ (అధికారిక వేగాన్ని మించి నడపడం) కిందే జమకడతాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో, కంపెనీలు బిగించి అమ్మే అనేక డెస్క్‌టాప్‌లలో ఆ ఆప్షనే ఉండదు. అదనంగా పెట్టిన డబ్బు అక్కడితో వృథా.

జాప్యం లెక్క చూస్తే ఈ అంకె ఇంకా తేలిపోతుంది. సీఎల్ సంఖ్యను (అడిగిన డేటా రావడానికి పట్టే క్లాక్ చక్రాలను) 2000తో హెచ్చించి, వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 3200 సీఎల్16, 3600 సీఎల్18, 6000 సీఎల్30: మూడింటికీ వచ్చేది 10 నానోసెకన్లే! వేగం పెరిగితే సెకనుకు తరలే డేటా పెరుగుతుంది, నిజమే. కానీ బ్రౌజర్, ఆఫీసు పనులు, వీడియోలు చూడటం వరకే అయితే 3200కీ 3600కీ తేడా చెప్పడం కష్టం. 8 జీబీని 16 చేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఒక్క స్టిక్ ఉన్నచోట రెండు పెట్టి డ్యూయల్ చానల్ (రెండు దారుల్లో ఒకేసారి డేటా తరలేలా) చేస్తే, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లో అంతకంటే బాగా తెలుస్తుంది. ఎందుకంటే గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్ మీదే ఆధారపడుతుంది.

విండోస్ టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, మెమరీ తెరిస్తే వేగం, నిండిన స్లాట్లు కనిపిస్తాయి. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ పార్ట్ నంబర్ చూపిస్తుంది. అందులో కనిపించే మెగాహెర్ట్జ్ అసలు క్లాక్. దాన్ని రెట్టింపు చేస్తేనే పెట్టె మీది అంకె వస్తుంది కాబట్టి, సగమే ఉందని కంగారుపడక్కర్లేదు.

తరం తేడాను స్టిక్ అంచున ఉండే గాడి ఎలాగూ పట్టేస్తుంది. డెస్క్‌టాప్‌లలో డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే ఉన్నా గాడి చోటు వేరు, ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. 12 నుంచి 14వ తరం ఇంటెల్ ప్రాసెసర్లు రెండింటినీ అంగీకరిస్తాయి గానీ, అది ఏదన్నది బోర్డు తేలుస్తుంది. అసలు ప్రమాదం దిగి కూడా పనిచేయనివాటితో. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాత్రమే తీసుకునే ల్యాప్‌టాప్‌లో 1.5 వోల్టుల డీడీఆర్3 చక్కగా కూర్చుంటుంది, స్క్రీన్ మాత్రం వెలగదు. సర్వర్ల నుంచి తీసి చవకగా అమ్మే రిజిస్టర్డ్ డీడీఆర్4 (సర్వర్లకే తయారైన రకం) కూడా మామూలు కంప్యూటర్లలో అంతే. ఇంటెల్ నాలుగో తరం, అంతకు ముందరి ప్రాసెసర్లకు 16 జీబీ డీడీఆర్3 స్టిక్ పనికిరాదు, 8 జీబీయే హద్దు. ఇవేవీ పెట్టె మీద ముందుగా కంటపడవు.

ఇక చాలామందిని దెబ్బతీసేది ఖాళీ స్లాట్ల మీద ఆశ. నాలుగు స్లాట్లున్నాయి, రెండు నిండాయి, మరో రెండు కొంటే సరి అనుకుంటారు. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ చెప్పిన అధికారిక వేగం రెండు స్టిక్‌లతో 5200. నాలుగు పెడితే 3600! డీడీఆర్5 వేగాల వద్ద ఒక్కో చానల్‌కు రెండేసి స్టిక్‌లు తగిలిస్తే సిగ్నల్ శుభ్రంగా ఉండదు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌పై భారం పడుతుంది. అందుకే పాత జత అమ్మేసి, రెట్టింపు సామర్థ్యమున్న రెండు స్టిక్‌ల కిట్ ఒకటే కొనడం మేలు. చాలా బోర్డుల్లో వాటిని ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. డీడీఆర్5 తొలిసారి ఆన్ చేసినప్పుడు ట్రైనింగ్ (బోర్డు ర్యామ్‌తో సర్దుబాటు చేసుకోవడం) కోసం కొన్ని నిమిషాలు నల్లటి స్క్రీనే ఉండొచ్చు. ఆ సమయంలో పవర్ ఆపేయకండి.

వేర్వేరు కంపెనీల స్టిక్‌లు కలిపినా హాయిగా నడుస్తున్నాయి కదా అనేవారున్నారు. నిజమే, చాలాసార్లు నడుస్తాయి. అన్నీ నెమ్మదైనదాని వేగానికి దిగి సర్దుకుంటాయి. కానీ ఒకే మోడల్ పేరుతో అమ్మేవాటిలోనూ లోపలి చిప్‌లు మారుతుంటాయి. కంపెనీలు పరీక్షించి హామీ ఇచ్చేది ఒక పెట్టెలో వచ్చిన జతకే. కలవని జత వెంటనే బయటపడకపోవచ్చు, వారం తర్వాత కాపీ చేసిన ఫైలు చెడిపోయినప్పుడు బయటపడుతుంది. ఏ ర్యామ్ పెట్టినా మెమ్‌టెస్ట్86+ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ కనీసం నాలుగు పాస్‌లు (పూర్తి విడతలు) నడపాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఎక్స్‌ఎంపీ ఆపి మళ్లీ పరీక్షించండి, అయినా వస్తే వాపసు చేయండి.

ఇంత చెప్పినా, స్లాట్ ఉన్నవాళ్లే అదృష్టవంతులు. పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తున్నారు. ఎల్‌పీడీడీఆర్ (తక్కువ విద్యుత్తుతో నడిచే ర్యామ్) చిప్‌లు ప్రాసెసర్‌కు దగ్గరగా ఉంటేనే విద్యుత్ ఆదా, వేగం అన్నది కంపెనీల వాదన. ఆ వాదనకు జవాబు వచ్చేసింది. డెల్ 2022లో మొదలుపెట్టిన క్యామ్ (స్క్రూలతో బిగించే మెమరీ పలక) ఆధారంగా జెడెక్ 2023 డిసెంబర్‌లో క్యామ్2 ప్రమాణం ప్రకటించింది. లెనోవో 2024లో థింక్‌ప్యాడ్ పీ1 ఏడో తరంలో ఎల్‌పీక్యామ్2 బిగించి అమ్మింది. అదే ఎల్‌పీడీడీఆర్, స్క్రూలు విప్పి మార్చుకోవచ్చు. ఇది ఖరీదైన మోడళ్లకే పరిమితం కావడం సమర్థనీయం కాదు. ర్యామ్ చాలక మిగతాదంతా బాగున్న యంత్రాన్ని పారేయాల్సి రావడం కొనుగోలుదారుకు జరిగే అన్యాయం. స్లాట్లెన్ని, గరిష్ఠం ఎంత అన్నవి పెట్టె మీద వేగం పక్కనే, అంతే పెద్దగా అచ్చేసేలా నిబంధన రావాలి.

అది వచ్చేదాకా, ల్యాప్‌టాప్ కొనేముందు ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి చూడండి. మెమరీ మాడ్యూల్ తీసే విధానం అందులో లేకపోతే ర్యామ్ పెంచుకునే దారి లేనట్టే. అప్పుడు ఇప్పటి అవసరానికి రెట్టింపు ర్యామ్‌తో తీసుకోండి, లేదా వేరే మోడల్ చూసుకోండి.