తోపు తాకట్టు పెట్టే ముందు

(దామలచెరువు దగ్గర ఒక ఇంటి అరుగు. పిల్లోడు ఎంపీసీతో ఇంటర్ పాసయినాడు. పైలట్ ట్రైనింగుకు 60 లక్షలు కావాల. మామిడితోపు తాకట్టు పెట్టాలని తండ్రి. బ్యాంకులో చదువుల లోన్లు చూసి రిటైరయిన మేనమామ తిరుపతి నుంచి వచ్చినాడు.)

తండ్రి: రేపు సంతకం పెట్టాల్సినోడికి ఈరోజు అడ్డం పడితే ఎట్ల బావా?

మేనమామ: అడ్డం పడలేదు. పిల్లోడికి మెడికల్ అయిందా?

తండ్రి: వాడికేం, రాయి మాదిరి ఉండాడు. జ్వరమొచ్చి రెండేండ్లయింది.

మేనమామ: జ్వరం సంగతి కాదు. రంగు చుక్కల్లో దాచిన అంకె చదవమంటారు. ఎరుపూ పచ్చా తేడా కనపడకపోతే ఆడితో సరి. చెవులు, గుండె, రక్తం అన్నీ చూస్తారు. ఆ మెడికల్ రెండు మెట్లు, ముందు క్లాస్ 2, అది అయినాక క్లాస్ 1. బెంగళూరులో ఎయిర్‌ఫోర్సోళ్ల దగ్గరే చేయించొచ్చు, మనకు నాలుగైదు గంటల దారి. నా దగ్గర లోను తీసుకున్న ఒకాయన ఫీజు సగం కట్టేసినాక ఆ పరీక్షకు పంపించినాడు. పిల్లోడు చెవి దగ్గర ఆగిపోయినాడు. ఆ నాయన నా టేబులు ముందర కూర్చున్న తీరు ఇప్పటికీ కండ్ల ముందరే ఉండాది.

తండ్రి: సరే, చేయిస్తాం. దానికి తోపు ఆపడమెందుకు? 2023లో ఇండిగో ఒకేసారి 500 విమానాలకు ఆర్డరిచ్చింది. ఎయిర్ ఇండియా 470. తోలేవాళ్లు వద్దా?

మేనమామ: కావాల. అయితే ఆ విమానాలు ఒక్కరోజే వచ్చి రేణిగుంటలో దిగవు, ఏండ్లు పడతాయి. వాళ్లకు గట్టిగా కొరత ఉండేది కెప్టెన్లకు. దానికి 1500 గంటలు ఎగిరిన లైసెన్సు కావాల. మనోడు కోర్సయి బయటికొచ్చేది 200 గంటలతో. ఆ వరుస వేరే బావా, చానా పొడుగు. దానిమీద ఎయిర్‌బస్సో బోయింగో తోలడానికి టైప్ రేటింగని ఇంకో పదిహేను, ఇరవై లక్షలు. నువ్వు చెప్పిన 60లో అది లేదు. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది, 2019లో జెట్, 2023లో గో ఫస్ట్. ఆ రోజుల్లో వేల గంటలు ఎగిరినోళ్లే ఉద్యోగాల కోసం తిరగతా ఉంటే 200 గంటల పిల్లోడిని ఎవరు చూస్తారు? బ్యాంకు వడ్డీ మాత్రం ఒక్క నెలా ఆగదు.

తండ్రి: తోపు ఉంటే మాత్రం ఏమొచ్చింది? 2025లో తోతాపురికి ధర పడిపోయి, గవర్నమెంటు కిలోకు 4 రూపాయలు వేస్తే గానీ గట్టెక్కలేదు. ఆ చెట్లు పట్టుకోని వేలాడమంటావా వాడిని?

మేనమామ: ఆ చెట్లు మా నాయన మా చెల్లెలికి పసుపు కుంకుమ కింద ఇచ్చినాడు.

తండ్రి: ఇచ్చినాడు, ఎండిపోయిన బోరుతో! ఆ అప్పు తీర్చింది ఎవరు? పదేండ్లు ట్యాంకర్లతో నీళ్లు పోసింది ఎవరు? ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తొద్దు.

మేనమామ: సరే, ఎత్తను. చెల్లెలిని అడిగినావా?

తండ్రి: (కాసేపు పలకడు) దానికీ వాడు ఎగరాలనే ఉండాది. ఇంజినీరింగు చదివిన నీ కొడుకు మూడేండ్లుగా ఏం చేస్తా ఉండాడో నేను అడిగినానా? ఈ పనిలో సీనియారిటీ అంతా చేరిన తేదీని బట్టే. వాడు రెండేండ్లు ఆలస్యమైతే కెప్టెన్ కావడం అంతకంత వెనక్కి పోతాది. నువ్వు జాగ్రత్త అంటా ఉండావు, వాడికి అది నష్టం.

మేనమామ: నా కొడుకు సంగతి నిజమే. సీనియారిటీ మాటా నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే రెండేండ్లు ఆగమనలేదు, ఆరేడు నెలలు అడగతా ఉండా. ముందు క్లాస్ 1. అది తేలితే ఇంట్లోనే కూర్చొని చదివి, పైలట్ లైసెన్సులిచ్చే డీజీసీఏ పేపర్లు రాయమను. నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్లు, టెక్నికల్. ఒక్కోదాంట్లో 70 శాతం రావాల. దానికి విమానం ఎక్కనక్కర్లేదు, పుస్తకాలూ పరీక్ష ఫీజులే ఖర్చు. ఆ లెక్కలు వాడికి పడితే నువ్వూ నేనూ పోయి సంతకం పెడదాం. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఉండాది, ఆడ ఎంట్రన్సు కూడా రాయించు. కట్టేటప్పుడు గూడా మొత్తం ఒకేసారి కట్టొద్దు, ఎగిరిన గంటలకే కడతామను. విమానాలు చాలక, నేర్పేవాళ్లు చాలక ఏడాదిన్నర కోర్సు మూడేండ్లు సాగిన పిల్లోళ్లను చూసినా.

తండ్రి: ఆదివారం లోపల అడ్వాన్సు కట్టకపోతే సీటు పోతాదని ట్రైనింగు స్కూలోళ్లు అన్నారే?

మేనమామ: 60 లక్షలు తెచ్చే పిల్లోడిని ఎవరూ వదులుకోరు.

తండ్రి: బెంగళూరు పోవడానికి డేటు నువ్వే తీసుకో. సీటు పోయిందంటే మాత్రం నీ ఇంటి ముందరే కూర్చుంటా.

మేనమామ: కూర్చో. పిల్లోడిని పిలువు, డీజీసీఏ పరీక్షలకు కావాల్సిన కంప్యూటర్ నంబరుకు అప్లై చెయ్యాల. ఇంటర్ సర్టిఫికెట్లు తెమ్మను.