చెప్పడానికి దొరకని అడ్రస్ వసూలుకు ఎలా దొరికింది?

రెండేళ్ల కిందట డిసెంబరులో, ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నరకి, ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మేనల్లుడు ఫోన్ చేశాడు. అక్కడ ఉదయం ఏడు, ఇంకా చీకటి. "మామయ్యా, కింద ఎవరో తలుపు కొడుతున్నారు. కోర్టు ఫైన్ అంటున్నారు. తీయాలా వద్దా?" అని గుసగుసగా అడిగాడు. వెనక నుంచి రూమ్మేట్ల మాటలు వినిపిస్తున్నాయి. "తీయకురా, తీయకపోతే వాళ్లే పోతారు."

చివరికి పైగది కిటికీలోంచి మాట్లాడాడు. కింద ఉన్న మనిషి బ్యాడ్జి చూపించి, వాడి పూర్తి పేరు చదివి, 703 పౌండ్లు కట్టాలని చెప్పాడు. ఏ కేసు అని వీడు అడిగితే, కేసు సంగతి తనకు తెలియదని, తన దగ్గర ఉన్నది వారంటు మాత్రమేనని అన్నాడు. తలుపు సందులోంచి ఒక కాగితం లోపలికి తోసి వెళ్లిపోయాడు. వీడు దాన్ని ఫొటో తీసి నాకు పంపాడు. జరిమానా 220, బాధితుల నిధికి సర్‌చార్జి 88, కోర్టు ఖర్చులు 85. దాని మీద ఏజెంటు ఫీజులు 75, 235. తన మీద ఒక కేసు ఉందని, అందులో తాను దోషినని, శిక్ష కూడా పడిందని మావాడికి తెలిసింది ఆ కాగితం చూశాకే.

ఇలా వచ్చేవాళ్లను అక్కడ బెయిలిఫ్ అంటారు. చట్టంలో పేరు ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్. మన సివిల్ కోర్టుల్లో అమీనా చేసే జప్తు పనికి దగ్గరగా ఉంటుంది. కాకపోతే అక్కడ ఈ పని ఎక్కువగా కోర్టు కాంట్రాక్టు తీసుకున్న ప్రైవేటు కంపెనీల మనుషులది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ జప్తు కోసం సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇంట్లోకి వెళ్లొద్దంటుంది. అక్కడ ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది వరకు రావచ్చు.

యూకేలో ఉన్న మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో దీని మీద తిరిగే సలహా ఒక్కటే, తలుపు తీయొద్దని. అది సగం నిజం, ఈ విషయంలో ఆ సగం ప్రమాదం. కౌన్సిల్ ట్యాక్స్ (అక్కడి ఇంటి పన్ను లాంటిది) బాకీకో పార్కింగ్ పెనాల్టీకో వచ్చిన ఏజెంటును మొదటిసారి ఇంట్లోకి రానివ్వాల్సిన పని లేదు, అతను బలవంతంగా రాలేడు. మేజిస్ట్రేటు కోర్టు వేసిన క్రిమినల్ జరిమానా అలా కాదు. దానికి తాళాలు తీసేవాణ్ణి తెచ్చుకుని తలుపు తెరిపించే అధికారం చట్టమే ఇచ్చింది. దాన్ని చివరి మార్గంగానే వాడాలంటారు. కానీ అధికారం ఉంది. అందుకని బెయిలిఫ్ వచ్చాడనగానే ముందు తెలుసుకోవాల్సింది అది ఏ రకం బాకీ అన్నది.

అధికారం ఉంది కదా అని ఏదైనా చేయొచ్చని కాదు. తలుపు తీసిన మనిషిని నెట్టుకుని రాకూడదు, కిటికీలోంచి దూరకూడదు. ఇంట్లో పదహారేళ్ల లోపు పిల్లలో, తమను తాము చూసుకోలేని స్థితిలో ఉన్నవాళ్లో మాత్రమే ఉంటే లోపలికి రాకూడదు. ఫైన్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి వస్తువులే తీసుకెళ్లాలి. ఆరుగురు పిల్లలు కలిసి ఉండే ఇంట్లో ఈ మాట చాలా ముఖ్యం. హాల్లో టేబుల్ మీద నాలుగు ల్యాప్‌టాప్‌లు ఉంటాయి, ఏది ఎవరిదో వచ్చినవాడికి తెలియదు. ఎవరి బిల్లు వాళ్ల దగ్గర, ఫోన్లోనైనా, ఉండాలి. ఫైన్ పడ్డ కుర్రాడి ల్యాప్‌టాప్‌కి కూడా రక్షణ ఉంది. పనికి, చదువుకు తప్పనిసరైన సామాన్లు మొత్తం 1,350 పౌండ్ల విలువ వరకు ముట్టుకోకూడదని 2013 నాటి నిబంధనల్లో రాసే ఉంది. పొయ్యి, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కూడా తీసుకెళ్లకూడదు.

ఇవన్నీ తెలుసుకోవాల్సినవే. కానీ బెయిలిఫ్ ఎంత మర్యాదగా తలుపు కొట్టాడన్న దాని చుట్టూ చర్చ నడిచినంత కాలం అసలు తప్పు కనిపించదు. ఆ తప్పు తలుపు దగ్గరికి రాకముందే జరిగిపోయింది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 నుంచి సింగిల్ జస్టిస్ ప్రొసీజర్ అని ఒకటి నడుస్తోంది. జైలు శిక్ష పడే అవకాశం లేని చిన్న నేరాలకు ఇది. టీవీ లైసెన్స్ లేకపోవడం, రైలు టికెట్, కారు పన్ను, ఇన్సూరెన్స్ లాంటివి. కోర్టు హాలు ఉండదు. ఒక మేజిస్ట్రేటు, పక్కన న్యాయ సలహాదారు, ఎదురుగా కాగితాలు. అక్కడ కూర్చుని చూసే హక్కు జనానికి లేదు. నిందితుడికి పోస్టులో నోటీసు వెళుతుంది, 21 రోజుల్లో జవాబు రాయాలి. రాకపోతే కాగితాలు చూసి తీర్పు చెప్పేస్తారు. అతని సంపాదన ఎంతో తెలియదు కాబట్టి ఇంత ఉంటుందని ఒక అంకె అనుకుని దాని మీద జరిమానా లెక్క కడతారు. నేరం ఒప్పుకున్నవాళ్లకు దొరికే తగ్గింపు కూడా ఉండదు, ఒప్పుకోవడానికి మనిషే లేడు కదా. పైగా నోటీసు చేతికి అందిందని రుజువు చేయనక్కర్లేదు. అందుతుందని నమ్మదగ్గ అడ్రస్‌కు ఫస్ట్ క్లాస్ పోస్టులో వేస్తే, కాదని ఎవరైనా చూపించేదాకా, రెండో పనిదినానికి అందినట్టే లెక్క.

మావాడి పాత కారు పెరట్లో నిలబడి ఉంది. బ్యాంకు ఖాతా మార్చినప్పుడు ఇన్సూరెన్స్ వాయిదా ఆగిపోయింది. కారు వాడకపోయినా, వాడటం లేదని అధికారికంగా రాసివ్వకపోతే ఇన్సూరెన్స్ ఉండి తీరాలి. అది వాడి తప్పే, నేను కాదనను. కారు కాగితాల్లో అడ్రస్ మార్చుకోకపోవడం కూడా వాడి తప్పే. నోటీసు వెళ్లింది ఏడాది కిందట ఖాళీ చేసిన ఇంటికి. తీర్పు అక్కడికే, కట్టమన్న గడువు అక్కడికే.

కానీ బెయిలిఫ్ మాత్రం కొత్త ఇంటికి వచ్చాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. వసూలు కంపెనీలు తమ చేతికొచ్చిన పేరుతో మనిషి ఇప్పుడెక్కడుంటున్నాడో వెతుకుతాయి. అప్పుల రికార్డులు చూస్తాయి, ఫోన్ నంబర్లు పడతాయి. అందులో తప్పు లేదు, వాళ్ల పని అదే. మరి ఆ వెతుకులాట తీర్పుకు ముందు ఎందుకు జరగలేదు? నీ మీద ఆరోపణ ఉంది, నీ మాట చెప్పుకో అనడానికి దొరకని మనిషి, 703 పౌండ్లు ఇవ్వు అనడానికి ఎలా దొరికాడు? డబ్బు కోసం పడ్డ కష్టంలో పదో వంతు నోటీసు కోసం పడి ఉంటే ఈ వారంటే పుట్టేది కాదు. స్టూడెంట్ వీసా మీద ఉన్న కుర్రాడి కొత్త అడ్రస్ యూనివర్సిటీ దగ్గర ఉంటుంది, ఉండాలని వీసా నిబంధనలే అంటాయి. అడిగినవాళ్లు లేరు.

మొత్తం కేసులో ఆ పిల్లవాడికి ముఖాముఖి ఎదురుపడ్డ మొదటి మనిషి బెయిలిఫ్. వినే అధికారం ఏమాత్రం లేనివాడు కూడా అతనే. కారు కదల్లేదని చెప్పినా, ఉత్తరం రాలేదని చెప్పినా అతను చేయగలిగింది లేదు. వినాల్సిన మేజిస్ట్రేటుకు ఈ కుర్రాడు కనపడలేదు. కనపడ్డ మనిషి దగ్గర కార్డు మెషీన్ ఉంది. ఆ రోజు అంతా కట్టలేక వంద పౌండ్లు ఇచ్చినా అందులోంచి ముందు పోయేది 75 పౌండ్ల ఏజెంటు ఫీజు. మిగిలిన పాతిక జరిమానాకూ మిగతా ఫీజుకూ మధ్య పంపకం అవుతుంది.

ఈ పద్ధతిని సమర్థించేవాళ్ల వాదన నాకు తెలుసు. చిన్న నేరాలకు కోర్టు హాలు, లాయర్లు అంటే లక్షల కేసులు పేరుకుపోతాయి, వసూలు చేయకపోతే జరిమానాకు విలువ ఉండదు, బుద్ధిగా కట్టినవాడు వెర్రివాడవుతాడు అంటారు. చివరి మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ తెలిసీ కట్టనివాణ్ణి, తెలియక కట్టనివాణ్ణి ఒకే వారంటులో వేస్తే ఆ విలువ పెరగదు. వేగం మీద పెట్టుకున్న నమ్మకం ఎక్కడికి తీసుకెళ్తుందో 2024 ఆగస్టులో లండన్‌లోనే తేలింది. రైలు టికెట్ల కేసుల్లో దాదాపు 74,000 శిక్షలు చెల్లవని చీఫ్ మేజిస్ట్రేట్ పాల్ గోల్డ్‌స్ప్రింగ్ ప్రకటించారు. వాళ్లు వాడిన రైల్వే చట్టం కింద పెట్టిన కేసులను ఈ పద్ధతిలో నడపడానికే రైలు కంపెనీలకు అధికారం లేదు. ఏళ్ల తరబడి ఒక్కో మేజిస్ట్రేటు ఒక్కో కాగితం మీద సంతకం పెడుతూ పోయారు. తెరిచిన కోర్టులో, ఎదుట మనిషి నిలబడి ఉంటే, ఇన్ని వేల కేసుల్లో ఎవరో ఒకరు ఇది చెల్లుతుందా అని అడిగి ఉండేవారని నా నమ్మకం.

మన దగ్గర తాఖీదుకు ఒక పద్ధతి ఉండేది. కోర్టు మనిషి ఇంటికి వచ్చేవాడు, సంతకమో వేలిముద్రో తీసుకునేవాడు. తీసుకోనంటే తలుపుకు అంటించి, చూసినవాళ్ల పేర్లు రాసుకుని వెళ్లేవాడు. ఆలస్యాలూ, లంచాలూ ఉన్న పద్ధతే. కానీ నీకు చెప్పామని కోర్టు చూపించుకోవాల్సి వచ్చేది. ఆ బరువు ఇప్పుడు మన దగ్గరా మెల్లగా మన మీదికి జారుతోంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో సమన్లు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే వీలు పెట్టారు. ట్రాఫిక్ చలాన్లు ఎప్పటినుంచో ఎస్సెమ్మెస్‌లే. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ బండి కొని ఆర్సీ మార్చుకోని కుర్రాళ్లు ఎంతమంది లేరు? చలాను మెసేజ్ పాత ఓనర్ ఫోన్‌కి పోతూ ఉంటుంది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం పెండింగ్ చలాన్ల మీద టూ వీలర్లకు 80 శాతం తగ్గింపు ఇచ్చినప్పుడు, మా వీధిలోనే ఇద్దరికి తమ బండి మీద చలాన్లున్నాయని అప్పుడు తెలిసింది.

ఈ విషయంలో మన సుప్రీంకోర్టు పట్టుకున్న దారి సరైనది. విచారణకు రమ్మని పోలీసులు ఇచ్చే నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో చెప్పింది. ఆ నోటీసును పట్టించుకోకపోతే అరెస్టు దాకా వెళ్తుంది కాబట్టి అది చేతికే అందాలి. బండి మీద, ఇంటి సామాను మీద చేయి వేసే ఏ నోటీసుకైనా ఇదే కొలత పెట్టాలని నేనంటాను, లండన్‌లో అయినా లక్డీకాపూల్‌లో అయినా. బెయిలిఫ్‌ను పంపే ముందు ఒక్కసారి, మనిషికి మనిషి ఎదురుపడి, నీ మీద ఇలా కేసు ఉందని చెప్పాలి. చెప్పినట్టు రుజువు లేకపోతే ఆ 235 పౌండ్ల ఏజెంటు ఫీజు అడిగే హక్కు ఉండకూడదు.

మావాడు ఆ పూట డబ్బు కట్టలేదు. అక్కడి చట్టంలో ఒక తలుపు తెరిచి ఉంది, చాలామందికి తెలియదు. కేసు సంగతి తెలియకుండానే శిక్ష పడితే, తెలిసిన 21 రోజుల్లోపు స్టాట్యుటరీ డిక్లరేషన్ ఇవ్వాలి. నాకు ఈ కేసు గురించి ఇప్పుడే తెలిసింది అని ప్రమాణం చేసి ఇచ్చే కాగితం అది. అబద్ధం చెబితే అదే వేరే నేరం. కోర్టులో ఉచితంగా చేయొచ్చు, సొలిసిటర్ ముందు చేస్తే ప్రమాణానికి 5 పౌండ్లు. అది అంగీకరిస్తే పాత శిక్ష రద్దవుతుంది, దానితో వసూలూ ఆగుతుంది, కేసు మొదటినుంచి మొదలవుతుంది. వీడు పదకొండో రోజున ఇచ్చాడు. కొత్తగా వచ్చిన నోటీసుకు తప్పు ఒప్పుకుని, ఆదాయం ఎంతో రాసి, జవాబు పంపాడు. ఈసారి పడ్డ జరిమానా మొదటిదానిలో సగం కూడా లేదు, వాయిదాల్లో కట్టేశాడు.

మధ్యలో ఒకసారి పాత ఇంటికి వెళ్లాడు. అక్కడ ఇప్పుడుంటున్న అమ్మాయి, నీవేనా ఇవి అంటూ, మెట్ల కింద పెట్టిన కవర్లు రబ్బరు బ్యాండు వేసి ఉన్నవి ఉన్నట్టే ఇచ్చింది. నాలుగు. ఒక్కటీ విప్పలేదు.