మారిషస్ కూరగాయల లెక్కలో కనిపించని వారాలు

తుఫాను దాటిన తరువాతి వారంలో మారిషస్ సంతలకు వెళితే, టమాటా, బీన్స్, వంకాయ అమ్మేవారు ధరను కిలోకు చెప్పరు. అక్కడి అలవాటు ప్రకారం అర పౌనుకు, అంటే రమారమి పావుకిలోకు చెబుతారు. మామూలు రోజుల్లో ఒక్కో రకం నాలుగైదు తూకాలు కొనే కుటుంబం ఆ వారంలో ఒక్క తూకంతో సరిపెట్టుకుంటుంది, లేదా కూర మానేసి పప్పుతో, డబ్బాలో వచ్చిన సార్డిన్ చేపతో గడుపుకొస్తుంది. దేశ వార్షిక గణాంకాలలో ఈ వారం ఎక్కడా కనిపించదు. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

గణాంకాలను చూస్తే పరిస్థితి అంత చెడ్డగా తోచదు. సుమారు 12.6 లక్షల జనాభా ఉన్న మారిషస్ తన ఆహారంలో దాదాపు నాలుగింట మూడు వంతులు దిగుమతి చేసుకుంటుంది. బియ్యం, గోధుమ, వంటనూనె, పాలపొడి అన్నీ ఓడల మీదే వస్తాయి. తాజా కూరగాయల విషయంలో మాత్రం, బంగాళాదుంప, ఉల్లి, వెల్లుల్లి వంటి కొన్నింటిని మినహాయిస్తే, దేశం చాలావరకు తన కాళ్ల మీద తాను నిలబడినట్టే లెక్క. చెరకు కాని ఆహార పంటల దిగుబడి ఏడాదికి లక్ష టన్నులకు అటూ ఇటూగా ఉంటూ వచ్చింది. లక్ష టన్నులనే తీసుకుని తలకు పంచితే ఏడాదికి దాదాపు 80 కిలోలు, రోజుకు 220 గ్రాములు. అరటి, అనాస కూడా అందులోనే ఉన్నాయి. రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనతో పోల్చి చూస్తే ఇది ఎంత తక్కువో తెలుస్తుంది. పెద్దవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరికి మధుమేహం ఉన్న దేశానికి ఇది చిన్న లోటు కాదు. అయినా ఈ సగటు కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది, ఏడాది మొత్తాన్ని ఒకే అంకెగా కూడినప్పుడు మరుగున పడిపోయే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు.

నవంబరు నుంచి మే నడిమి వరకు అక్కడ తుఫానుల కాలం. 2022 ఫిబ్రవరిలో బత్సిరాయి, 2023 ఫిబ్రవరిలో ఫ్రెడ్డీ, 2024 జనవరిలో బెలాల్ వరుసగా మూడేళ్లు ఆ దీవిని తాకాయి, లేదా దగ్గరగా దాటిపోయాయి. ఈదురుగాలికి టమాటా మొక్క ఊతకర్రతో సహా ఒరిగిపోతుంది, పూత రాలుతుంది, సముద్రం మీదుగా వచ్చిన ఉప్పుగాలికి ఆకుల అంచులు మాడిపోతాయి, ఆ తరువాత ఎండకాస్తే నీరు నిలిచిన మడిలో వేళ్లు కుళ్లుతాయి. ఆకుకూర మళ్లీ చేతికి రావడానికి నెల నుంచి నెలన్నర, టమాటాకు నారుమడి నుంచి లెక్కిస్తే మూడు నెలలు పడుతుంది. గుమ్మడి, చిలగడదుంప, కర్రపెండలం ఇంతకంటే మొండివి. అక్కడివారు ‘బ్రెద్’ (brède) అని పిలిచే ఆకుకూరలలో మునగాకు, చామాకు కూడా ఉన్నాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువారి వారసులకు అవి కొత్త కూరలేమీ కావు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల సూపర్‌మార్కెట్లను కూడా కొన్ని రోజులు మూసివేసినప్పుడు, పెరట్లో మునగచెట్టు ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఎంతో దీవి అంతటా తెలిసివచ్చింది.

చిన్న దీవి కదా, భూమి చాలదని చాలామంది సులువుగా తేల్చేస్తారు. మారిషస్ అనుభవం అందుకు భిన్నంగా ఉంది. ఐరోపా సమాఖ్య 2006 నుంచి పంచదార ధరను దశలవారీగా 36 శాతం తగ్గించాక చెరకు సాగు కుంచించుకుపోయింది. 2005 ప్రాంతంలో 70 వేల హెక్టార్లకు దగ్గరగా ఉన్న కోత విస్తీర్ణం ఇప్పుడు 40 వేలకు దిగువన ఉంది. అలా ఖాళీ అయిన నేలలో కొంత బీడు పడింది, కొంత విల్లాలకు, 2015లో మొదలైన స్మార్ట్ సిటీ పథకానికి పోయింది. కూరగాయల మళ్లకు చేరింది చాలా తక్కువ. ఎందుకు చేరలేదన్న ప్రశ్నకు నాకు కనిపించే ప్రధాన కారణం ఒక పాత చట్టంలో ఉంది. చెరకు రైతుకు తుఫాను, అనావృష్టి బీమా 1946లోనే మొదలైంది. అంటే దేశానికి 1968లో స్వాతంత్ర్యం రావడానికి 22 ఏళ్ల ముందే. ఆ స్థాయి రక్షణ కూరగాయల రైతుకు నేటికీ లేదు. విపత్తు జరిగాక ప్రభుత్వం ప్రకటించే పరిహారమే అతనికి ప్రధాన ఆధారం. వరుసగా రెండేళ్లు పంట పోయినవాడు మూడో ఏడు జనవరి పంటకు నారు పోయడు. అతని లెక్క అతనికి సరైనదే, కానీ ఆ లెక్క వల్లే దేశానికి మార్చిలో కూర దొరకదు.

లోటు ఏర్పడగానే దిగుమతికి అనుమతులు ఇవ్వడం ఇప్పటి ఆనవాయితీ. ఆకుకూర, బెండ వంటివి ఓడలో నిలవవు కనుక వచ్చేవి క్యారెట్, క్యాబేజీ లాంటివే. అవి రేవుకు చేరే సమయానికి స్థానిక పంట మళ్లీ కోతకు వస్తే ధర పడిపోయి, తుఫానుకు నష్టపోయిన రైతే మరోసారి నష్టపోతాడు. ఇక నిల్వ ఉండే ఉల్లి సంగతి చూస్తే, అది ఢిల్లీ నిర్ణయాల మీద ఆధారపడి ఉంది. 2023 డిసెంబరులో భారత్ ఉల్లి ఎగుమతిని నిషేధించింది. 2024 ఫిబ్రవరిలో కొన్ని దేశాలకు మినహాయింపు ఇచ్చినప్పుడు మారిషస్ వాటాకు వచ్చింది 1,200 టన్నులు. తలకు కిలో కూడా కాదు. స్నేహదేశం కనుక అదైనా దక్కింది. మన రైతుబజారులో ఉల్లి ధర దించడానికి తీసుకున్న నిర్ణయం మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ వంటింటికి ఎలా చేరుతుందో మనం ఆలోచించవలసిన అవసరం ఉంది.

స్వయంసమృద్ధి అన్న పెద్ద మాటను ప్రభుత్వాలు ఏడాది టన్నులతో కొలుస్తున్నంత కాలం తుఫాను తరువాతి ఎనిమిది, పది వారాలు అనాథలుగానే మిగులుతాయి. చెరకుకు ఉన్న బీమాను కూరగాయలకు విస్తరించడం, బీడు పడిన చెరకు నేలను చిన్న రైతులకు దీర్ఘకాలపు కౌలుకు ఇవ్వడం డబ్బుతో, కాలంతో ముడిపడిన పనులు. అంతకంటే ముందే చేయగలిగినది ఒకటుంది. డిసెంబరు నుంచే గాలికి తట్టుకునే చిన్న నర్సరీలలో టమాటా, వంగ, క్యాబేజీ నారును ప్రభుత్వ ఖర్చుతో సిద్ధంగా ఉంచాలి. తుఫాను దాటి నేల ఆరిన రోజున రైతు చేతికి విత్తనానికి బదులు 25 రోజుల నారు అందితే, టమాటా సంతకు మూడు వారాలు ముందుగా వస్తుంది.