ఎండ గొట్టమా, బ్లీచింగ్ డబ్బానా: మా డాబా మీద వాదన

మాది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రం వైపు ఊరు. నాన్న ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు చూసుకుంటాడు. అక్క ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది, వెలుగు తగిలితే నీళ్లలో బ్యాక్టీరియాను చంపే పదార్థాల మీద ప్రాజెక్టు. మొన్న సెలవులకొచ్చినప్పుడు లోపల తెల్లటి పూత ఉన్న గాజు గొట్టం తెచ్చి డాబా మీద ఎండలో పెట్టింది. వాదన అక్కడ మొదలైంది. ఎవరి మాట వాళ్లదిగానే రాస్తున్నాను, ఆగలేని చోట నా మాట కలిపాను.

నాన్న: ఏటమ్మా ఇది? లోపల సున్నం కొట్టినట్టుంది.

అక్క: సున్నం కాదు నాన్నా, టైటానియం డయాక్సైడ్. గోడల పెయింటుకు తెలుపు వచ్చేది దీంతోనే. మన భావనపాడు ఇసకలో నల్లగా మెరిసే ఇల్మనైట్ ఉంది చూడు, అందులోనూ టైటానియమే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ పూత మీద పడితే, దానికి ఆనుకుని ఉన్న నీళ్లలోంచి, గాలిలోంచి హైడ్రాక్సిల్ రాడికల్ లాంటివి, అంటే దగ్గరున్న దాన్నల్లా పట్టుకుని విరగ్గొట్టే చురుకైన అణు ముక్కలు, పుడతాయి. అవి బ్యాక్టీరియా పైపొరను చీల్చేస్తాయి. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా ఈ పదార్థంతో వెలుగులో నీటిని విడగొట్టి చూపించారు, 1985లో మత్సునాగా బృందం బ్యాక్టీరియా చస్తుందని చూపించింది.

నాన్న: 1985 అంటే నాకు మీసాలు రాని రోజులు. ఇన్నేళ్లయినా ఒక్క ఊరి ట్యాంకులోనూ నాకు కనబడలేదే? మంచి బ్లీచింగ్ అయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, మన 40 వేల లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. అరగంట ఆగి నీళ్లు వదిలితే పని అయిపోయింది.

అక్క: మంచి బ్లీచింగ్ అయితే అన్నావు కదా, అదే నా మాట. కొత్త డబ్బాలో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది, మన ఉప్పుగాలికి మూత సరిగా పెట్టకపోతే నెల తిరిగేసరికి ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు? పైగా వాసనొస్తోందని మన వీధిలో సగంమంది కుళాయి నీళ్లు వాడకానికి ఉంచి తాగడానికి పాత బావికి పోతున్నారు. ఆ బావి నీళ్లు హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలో పోసి పెట్టాను, మర్నాటికి తారులా నల్లగా అయిపోయింది. నువ్వే చూశావు.

(ఆ సీసా నేనూ చూశాను. నల్లబడితే నీళ్లలో మలం కలిసిన జాడ ఉన్నట్టు. ఆ రోజు అమ్మ బావి బిందె మొత్తం మొక్కలకు పోసేసింది.)

నాన్న: బావి సంగతి ఒప్పుకుంటాను. మరి నీ గొట్టంలోంచి వచ్చిన నీళ్లు బిందెలో పోశాక చంటోడు చెయ్యి ముంచితే ఏమవుతుంది?

అక్క ఇక్కడ కాసేపు మాట్లాడలేదు.

అక్క: ఆ రాడికల్ బతికేది రెప్పపాటు కూడా ఉండదు నాన్నా. పుట్టిన చోటే పని చేసి పోతుంది. నీళ్లలో ఏమీ మిగలదు, అందుకే వాసనా ఉండదు.

నాన్న: అందుకే కాపలా కూడా ఉండదు. కుళాయి దగ్గర నేను చిన్న గొట్టంలో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసి పసుపు రంగు చూసేది ఎందుకనుకున్నావు? లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందని తెలియడానికి. పైపు ఎక్కడో పగిలి కాలవ నీళ్లు కలిసినా ఆ మిగిలింది కొంతైనా ఎదురు నిలబడుతుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా వచ్చి ప్రాణాలు పోయాయి కదా, ఆ వార్త విన్నరోజు నేను రెండుసార్లు ట్యాంకు ఎక్కాను.

(నిజమే. పొద్దున్నొకసారి, దీపాలు పెట్టే వేళ ఇంకోసారి, చేతిలో టార్చితో. అమ్మ కింద నిలబడి తిడుతూనే ఉంది. ఈ ఒక్క విషయంలో నేను నాన్న పక్షమే.)

నాన్న: ఇంకోటి చెప్పు. 2018లో తిత్లీ తుఫాను వచ్చాక ఎన్ని రోజులు కరెంటు లేదు? నీళ్లు మట్టిరంగు. రోగం వచ్చేది అలాంటప్పుడే కదా, అప్పుడు నీ ఎండ ఎక్కడిది?

అక్క: మట్టినీళ్లలోకి వెలుగు దిగదు, నిజమే, ముందు వడకట్టాలి. కానీ ఆ మట్టి నీ క్లోరిన్‌ను కూడా తినేస్తుంది. మబ్బు సంగతంటావా, ఉత్త ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి ఎండలో పెట్టే పద్ధతికే మంచి ఎండలో ఆరు గంటలు, బాగా మబ్బుంటే రెండు రోజులు పడుతుంది, అక్కడ నేను ఓడిపోయాను. సూర్యుడి వెలుగులో ఈ పూతకు పనికొచ్చే అతినీలలోహిత భాగం నాలుగైదు శాతమే. అందుకే మామూలు వెలుగును కూడా వాడుకునేవి వెతుకుతున్నారు. నువ్వు పొలానికి చల్లే యూరియా ఉంది చూడు, దాన్ని మూత పెట్టి 550 డిగ్రీల దాకా కాలిస్తే లేత పసుపు పొడి వస్తుంది, కార్బన్ నైట్రైడ్. అది నీలం వెలుగును కూడా కొంత పట్టుకుంటుంది. నా ప్రాజెక్టు దాని మీదే.

నాన్న: యూరియానా? (చేతిలో గ్లాసు కింద పెట్టాడు.) మరి ఆ పొడి నీళ్లలోకి వచ్చేస్తే?

అక్క: రాకూడదనే గాజుకు పూత పూసేది. పొడిగా కలిపితే బాగా పనిచేస్తుంది కానీ తర్వాత తీయడం కష్టం, పూతగా పూస్తే నీళ్లకు తగిలే భాగం తగ్గి జోరు తగ్గుతుంది. ఆ తిప్పలే పడుతున్నాం.

నాన్న: మన ఉద్దానం కిడ్నీ రోగానికి ఏమైనా పనికొస్తుందా ఇది?

అక్క: ఆ ఆశ పెట్టుకోకు నాన్నా. ఆ రోగం ఎందుకొస్తోందో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నీళ్లలో కరిగిన ఫ్లోరైడ్, సిలికా లాంటివాటిని ఇది తీయలేదు. సూక్ష్మజీవుల వరకే. నీ ట్యాంకును తీసేయమని నేను అనడం లేదు. ముందు ఈ గొట్టంలోంచి పోనిస్తే నీళ్లలో క్లోరిన్‌ను తినేసే కుళ్లిన పదార్థం కొంత విరిగిపోతుంది, అప్పుడు తక్కువ బ్లీచింగ్‌తోనే నీ పసుపు రంగు నిలబడొచ్చు. వాసన తగ్గితే ఆ బావి మానేస్తారు.

నాన్న: తక్కువంటే ఎంత? 100 గ్రాములకు ఎన్ని గ్రాములు?

అక్క: ఇంకా కొలవలేదు.

నాన్న: కొలిచి రా తల్లీ. నా పరీక్ష గొట్టం, చుక్కల సీసా పట్టుకెళ్లు, ఇంకోటి ఉంది నా దగ్గర. నువ్వు అంకె చెప్పేదాకా 100 గ్రాములే వేస్తాను.