లేయర్లకు పేరు పెట్టి చూడు

మా గ్రాఫిక్ డిజైన్ వృత్తిలో పని మొదలుపెట్టకుండా తప్పించుకోవడానికి అన్నిటికన్నా గౌరవమైన దారి కొత్త టూల్ నేర్చుకోవడం. ఊరికే కూర్చుంటే బద్ధకం అంటారు. ఎదురుగా పాఠం నడుస్తుండగా కూర్చుంటే "అప్‌డేట్ అవుతున్నాడు" అంటారు. అలా నేను మూడు నెలలు అప్‌డేట్ అయ్యాను. అక్షరాలకు నిప్పంటించడం నేర్చుకున్నాను, నీళ్లలో ముంచడం నేర్చుకున్నాను, ఇనుముతో పోత పోసినట్టు మెరిపించడం నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో ఒక్క క్లయింటు కూడా "మా పేరు తగలబెట్టి ఇవ్వండి" అని అడిగిన పాపాన పోలేదు.

వంపు గీతలు గీసే పెన్ టూల్ ఒక్కటే లొంగలేదు. దాని వెనకున్న వంపుల లెక్కను 1960లలో ఫ్రాన్స్‌లో పియేర్ బెజియే అనే ఇంజనీరు రెనో కంపెనీలో కార్ల బాడీల కోసం వాడాడు. అంతకు కొంచెం ముందే సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో అనే ఆయన అదే లెక్క తేల్చాడు గానీ, కంపెనీ దాన్ని బయటికి పొక్కనివ్వకపోవడంతో పేరు బెజియేకు దక్కింది. అంతటి వాళ్లు కార్లకు ఒంపులు తిప్పిన గీతతో నేను ఒక ఆకు గీద్దామనుకున్నాను. ఆకుకు రెండు యాంకర్ పాయింట్లు, అంటే గీతను పట్టి ఉంచే చుక్కలు, చాలని పాఠంలో చెప్పారు. నాకు 19 పడ్డాయి. చుక్క దగ్గర వంపును తిప్పే హ్యాండిల్ పట్టుకుని ఇటు లాగితే అటువైపు పొట్ట ఉబ్బేది. ఆ పొట్ట నొక్కితే కొన దగ్గర ముడి పడేది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, మౌస్ బాగోలేదని పెన్ టాబ్లెట్ కొన్నాను. రాత్రి రెండింటికి తేలిందేమిటంటే, అది ఆకు కాదు, గుర్రం కాలికి కొట్టే లాడం. మౌస్‌తో గీసినప్పుడు గరుకుగా వచ్చిన లాడం, టాబ్లెట్‌తో నున్నగా వచ్చింది. అంత కష్టం పారెయ్యబుద్ధి కాక లాగిన చోటల్లా ఆ బొమ్మే పడేలా దాన్ని ఒక బ్రష్‌గా సేవ్ చేసి పడుకున్నాను.

ఆ వారమే చదరంగం పోటీల పోస్టర్ పని వచ్చింది. పోటీలు పెట్టే పెద్దాయన నెమ్మదైన మనిషి. కోపం రాదు, మాట మారదు. మొదటి డ్రాఫ్ట్ చూసి ఒకే మాట అన్నారు: "బోర్డు తిరగేసి పెట్టారండీ." చదరంగం బల్ల ముందు కూర్చుంటే కుడిచేతి వైపు కింది మూల గడి తెల్లగా ఉండాలట. నేను దించుకున్న ఫోటోలో అది నల్లగా ఉంది. రెండో డ్రాఫ్ట్‌కి "పావులు 32 ఉంటాయండీ, మీరు 29 పెట్టారు" అన్నారు. మిగతా మూడూ చచ్చిపోయాయి సార్, ఆట మధ్యలో ఉంది కదా అన్నాను. "పోటీలు ఇంకా మొదలు కాలేదు కదండీ" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

స్ఫూర్తి కోసం వెతుకులాట మొదలుపెట్టాను. నా కంప్యూటర్‌లో "ఇన్‌స్పిరేషన్" అనే ఫోల్డర్ ఉంది. అందులో ప్రపంచంలోని గొప్ప పోస్టర్లన్నీ ఉంటాయి. అది తెరిస్తే నాకు వచ్చేది స్ఫూర్తి కాదు, వేరే ఉద్యోగం చూసుకుందామన్న ఆలోచన. ఉదయం పదింటికి పాత పోస్టర్లు చూడటం మొదలుపెట్టినవాణ్ణి, ఒంటిగంటకి గుడ్లగూబ మెడ ఎంత దూరం తిప్పగలదో చూస్తున్నాను. 1984లో వచ్చిన మెకింతోష్ కంప్యూటర్‌కి సూజన్ కేర్ ఐకాన్లను గ్రాఫ్ పుస్తకంలో గడులు నింపుతూ గీసిందని అక్కడే ఎక్కడో గుర్తొచ్చింది. అడ్డంగా 32, నిలువుగా 32, ఒక్కో గడి తెర మీద ఒక్కో చుక్క. అసలు టూల్స్ అవసరమే లేదన్నమాట! వెంటనే గ్రాఫ్ పుస్తకం తెచ్చుకుని గుర్రం తల గీశాను. ఇంట్లో చూసినవాళ్లు బూటు చాలా బాగుందన్నారు.

విసుగొచ్చి, ఆ లాడం బ్రష్‌ని ఊరికే లాగి చూశాను. ముద్రకీ ముద్రకీ మధ్య దూరం, అదే స్పేసింగ్, 30 పెట్టబోయి 300 పెట్టినట్టున్నాను, గీత రావాల్సిన చోట విడివిడిగా లాడాలు పడ్డాయి. పైకి లాగి, పక్కకు తిప్పాను. తెల్లటి కాగితం మీద గుర్రం నడిచి వెళ్లిన గుర్తులు. రెండు గడులు ముందుకి, ఒకటి పక్కకి. గుర్రం ఎక్కడా లేదు, అది వేసిన ఎత్తు మాత్రం కనిపిస్తోంది. ఒక్క నిమిషం కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. తర్వాత 32 పావుల పెద్దాయన గుర్తొచ్చి, ఆ లేయర్ కన్ను మూసేసి, అంటే ఆ పొర కనబడకుండా దాచేసి, పనిలో పడ్డాను.

ఇక్కడ లేయర్ల సంగతి చెప్పాలి. లేయరంటే బొమ్మలో ఒకదాని మీద ఒకటి పరిచే పొర, ఏది కావాలంటే అది విడిగా తీసెయ్యొచ్చు. ఫోటోషాప్ 1990లో వచ్చింది గానీ లేయర్లు వచ్చింది 1994లో, మూడో వెర్షన్‌తో. అంతకు ముందు బొమ్మ మీద బొమ్మ అతికిస్తే గోడకి కొట్టిన సున్నమే, మళ్లీ ఊడదు. పాపం వాళ్లు ఎలా బతికారో అనుకునేవాణ్ణి. ఇప్పుడైతే అదృష్టవంతులంటాను. లేయర్లు లేవు కాబట్టి వాటికి పేర్లు పెట్టే యోగం కూడా వాళ్లకి లేదు.

నా మూడు నెలల పాఠాల్లో నేను తుచ తప్పకుండా పాటించింది ఒక్కటే: "లేయర్లకు అర్థమయ్యే పేర్లు పెట్టండి, ఆరు నెలల తర్వాత తెరిచినా ఏది ఎందుకు పెట్టారో తెలియాలి." అంతకు ముందు నా ఫైళ్లలో "లేయర్ 47 కాపీ 3" లాంటివి ఉండేవి. ఈసారి మనస్ఫూర్తిగా పేర్లు పెట్టాను. "సార్ పట్టుబట్టిన 32." "ఈ పసుపు చూస్తే కళ్లు పోతాయి." "లోగో పెద్దది." "లోగో ఇంకా పెద్దది." "లోగో ఇంతకన్నా పెద్దదైతే గోడ చాలదు." "ఎవరూ చదవని పేరా." "దేవుడా." "దేవుడా కాపీ 2."

పోస్టర్ ఓకే అయింది. ప్రింటింగ్ వాళ్లు అడిగారు, లేయర్లన్నీ విడివిడిగా కనబడే ఓపెన్ ఫైల్ కూడా పంపండి అన్నారు పెద్దాయన. పంపేశాను. స్నానానికి వెళ్లి, తల మీద రెండో చెంబు పోసుకుంటుండగా వెలిగింది.

తడి చేత్తోనే ఫోన్ చేశాను. "సార్, ఆ ఫైల్ తెరవకండి, పాడైపోయింది."

"లేదండీ, బాగానే ఉంది. మా మేనల్లుడికి ఫోటోషాప్ వచ్చు, తెరిచాడు. పేర్లు చదివి వినిపిస్తున్నాడు."

నేను ఏమీ అనలేదు. ఒంటి మీద నీళ్లు కారుతున్నాయి.

"ఇంతకన్నా పెద్దదైతే గోడ చాలదని రాశారు. గోడ మీరు కొలిచారా?"

"లేదు సార్. ఉజ్జాయింపుగా..."

"మంచిపని. నేనూ కొలవలేదు. లోగో కొంచెం తగ్గించండి. పసుపు వల్ల నిజంగా కళ్లు పోతాయా?"

"అంటే... కొంచెం శ్రమ పడతాయి సార్."

"మార్చండి. పోటీలకి వచ్చేది చిన్నపిల్లలు. ఈ పేరా ఎవరూ చదవరా?"

"పోస్టర్ మీద అంత పొడుగు పేరా అంటే... సాధారణంగా చదవరు సార్."

"అది నేను రెండు రోజులు కూర్చుని రాశానండీ." కాసేపు ఆగారు. ఆ కాసేపట్లో నాకు చలి మొదలైంది. "మేనల్లుడు కూడా చదవలేదంటున్నాడు. తీసెయ్యండి. ఆ 'దేవుడా'లో ఏముంది?"

"నీడలు సార్. 32 పావులకి 32 నీడలు."

"కాపీ 2లో?"

"బోర్డు తిరగేశాక మళ్లీ వేసిన నీడలు."

అటువైపు ఎవరో పకపకా నవ్వారు. మేనల్లుడే అయ్యుంటాడు. పెద్దాయన నవ్వలేదు. "అన్నిటికంటే కింద ఒకదానికి కన్ను మూసి ఉందట. 'గిట్టలు, నాకొక్కడికే నచ్చింది' అని. తెరవమంటారా?"

వద్దనేలోపే తెరిచారు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. లైను తెగిందేమోనని ఫోన్ ఒకసారి తుడిచి చూసుకున్నాను.

"గుర్రం ఎత్తు వేసి వెళ్లిపోయింది," అన్నారు మెల్లగా. "ఎటు వెళ్లిందో తెలుస్తోంది. ఇది ముందే ఎందుకు చూపించలేదండీ?"

ఏం చెప్పను? ఆకు గీయబోతే వచ్చిందని చెప్పనా?

"ఇదే వేద్దాం. చాలా బాగుంది. మిగతావన్నీ తీసెయ్యండి." నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. థాంక్స్ సార్ అనబోతున్నాను.

"పావులు మాత్రం ఉంచండి. చిన్నగా అయినా సరే, ఒక మూల. 32 ఉండాలి."

బట్టలు మార్చుకుని వచ్చి కూర్చున్నాను. కొత్త లేయర్ తీసి, పేరు దగ్గర వేళ్లు ఆపి, ఒకటికి రెండుసార్లు ఆలోచించి "సార్ సూచన" అని రాశాను. రాత్రి పదకొండున్నరకి ఫైల్ మూసేటప్పుడు చూస్తే అది "సార్ సూచన కాపీ 7" దగ్గర ఉంది.