మహారాజశ్రీ ఖాళీ గడి గారికి విన్నపం

అయ్యా,

అంటువ్యాధుల లెక్కలు సర్దే వాళ్లమంతా కలిసి రాసుకుంటున్న ఉత్తరం ఇది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ తమరు కుశలమో కాదో, అసలు ఉన్నారో లేరో తెలుసుకునే దారి లేదు. మా మొర కూడా దాని గురించే.

ఏ బులెటిన్ తెరిచినా, ఏ డేటాబేస్ నుంచి సీఎస్వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలు దించుకున్నా తమ దర్శనం కాకుండా పోదు. మా డేటా అందరిదీ అని పెద్ద అక్షరాలతో రాసి, తలుపులు బార్లా తీసి పిలుస్తారు. తీరా లోపలికి వెళ్తే, పట్టికలో అంకె ఉండాల్సిన చోట కొలువుదీరి ఉండేది తమరే.

ఇంతకీ తమరెవరు? ఈ వారం ఈ జిల్లాలో ఒక్క కేసూ లేదని చెప్పడానికి వచ్చారా? రిపోర్టే రాలేదని చెప్పడానికా? కిట్లు అయిపోయి ఎవరికీ పరీక్ష చేయలేదా? ఆ జబ్బును అక్కడ నోటిఫై చేయాలన్న, అంటే ప్రభుత్వానికి తెలియజేయాలన్న రూలే లేదా? లేక కేసులు 5 కన్నా తక్కువున్నాయి కనుక, రోగి ఎవరో ఊరందరికీ తెలిసిపోతుందని దాచిపెట్టారా? ఇవి అయిదూ అయిదు వేరు వేరు సంగతులు. మొదటిదైతే సంతోషం. రెండోదైతే ఎవరైనా ఫోన్ చేసి కనుక్కోవాలి. మూడోదైతే ఆ రోజే కిట్లు పంపాలి. తమరు మాత్రం అయిదింటికీ అదే తెల్లముఖం పెడతారు.

మౌనం అర్ధాంగీకారం అంటారు. తమ మౌనాన్ని ఎక్సెల్ ఎలా అర్థం చేసుకుంటుందో ఒకసారి చిత్తగించండి. ఒక జిల్లాలో ఏడు వారాల డెంగీ కేసులు వరసగా ఇలా ఉన్నాయనుకుందాం: 14, 11, తమరు, 9, 0, మళ్లీ తమరే, 16. మొత్తం 50. ఆ గడుల మీదే యావరేజ్ ఫార్ములా పెడితే తమరిద్దరినీ పక్కనపెట్టి 50ని 5తో భాగిస్తుంది, సగటు 10 వస్తుంది. అవే గడులను ఇంకో షీటులోకి ఈక్వల్‌టు పెట్టి తెచ్చుకుంటే, తమరు దారిలో సున్నాగా మారిపోతారు. అప్పుడు 50ని 7తో భాగిస్తుంది, సగటు 7.14. హెచ్చరిక గీత 8 దగ్గర ఉందంటే ఒక షీటు గంట కొడుతుంది, రెండోది హాయిగా నిద్రపోతుంది. సాఫ్ట్‌వేర్ ఒకటే, అంకెలూ అవే. రెండింటిలో ఏది నిజమో చెప్పగలిగినవారు తమరొక్కరే, తమరేమో నోరు విప్పరు.

గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష కొంత నయం. తమరున్న కాలమ్‌ని కూడమంటే, కూడనని ముఖం మీదే ఎన్ఏ (విలువ లేదు) అని కొడుతుంది. పైథాన్ వాళ్లు వాడే పాండాస్ అలా కాదు, చడీచప్పుడు లేకుండా తమరిని దాటేసి 50 అని చేతిలో పెడుతుంది. పైగా పూర్ణాంకాల కాలమ్‌లో తమరు ఒక్కచోట కాలు పెడితే చాలు, అంకెలన్నిటికీ దశాంశాల తోకలు మొలుస్తాయి. జిల్లా కోడ్ 412 కాస్తా 412.0 అవుతుంది. దాన్ని టెక్స్ట్‌గా మార్చి పక్క ఫైల్లోని 412తో కలపబోతే జోడీ కుదరదు. ఆ జిల్లా మొత్తం ఖాళీ అవుతుంది, అంటే తమ వంశం అభివృద్ధి చెందుతుంది.

తమ పుట్టుకలో సగం పాపం మెర్జ్ బటన్‌ది. అందంగా కనిపించాలని జిల్లా పేరును 12 వరసల మీద పరిచి ఒక్క గడి చేస్తారు. సీఎస్వీగా సేవ్ చేయగానే పేరు మొదటి వరసలోనే మిగులుతుంది, కింది 11 వరసల్లో తమరు వెలుస్తారు. జిల్లాల వారీగా గ్రూప్ చేయమంటే పాండాస్ మామూలు సెట్టింగ్‌లో పేరు లేని వరసలన్నిటినీ వదిలేస్తుంది. పేర్ల కాలమ్‌లో ఫిల్ డౌన్ చేస్తే, అంటే పై గడిలోది కిందికి నింపితే ఇది సరిపోతుంది. కానీ ఊపు మీద కేసుల కాలమ్‌లో కూడా అదే చేసేవాళ్లున్నారు. పోయిన వారం 11 కేసులు ఈ వారం కూడా పుట్టుకొచ్చేది అలాగే.

తమరి పీడ వదిలించుకుందామని కొందరు 99 రాస్తారు. వయసు కాలమ్‌లో 99 అంటే తెలియదని అర్థమట. ఆ అర్థం గుర్తుల వివరాలు రాసే డేటా డిక్షనరీలో ఉండదు, రాసినాయన బుర్రలో ఉంటుంది. ఆయన బదిలీ అయిపోయాక చూసినవాళ్లకు ఆ వ్యాధి పండు ముసలివాళ్లనే వెతికి పట్టుకుంటోందని తేలుతుంది.

రోగి గోప్యత కోసం వచ్చే తమ అవతారం ఒక్కటే న్యాయమైనది. అది కూడా సగం పనే చేస్తుంది. మూడు ఊళ్ల మొత్తం 37 అని కింద వేసి, 21, 13 చూపించి, మూడో ఊరి దగ్గర తమరిని కాపలా పెడతారు. తీసివేత వచ్చిన పిల్లవాడెవడైనా అక్కడ 3 ఉందని చెప్తాడు. దాచదలిస్తే ఇంకో గడినీ దాచాలి, లేదా మొత్తం వేయడం మానుకోవాలి.

ఇక తమ తమ్ముడు, లేని వరస గారు. తమరు కనీసం కంటికి కనిపిస్తారు, ఆయన అదీ లేదు. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్, ఎక్సెల్ పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌ని వాడింది. అందులో ఒక షీటుకు 65,536 వరసలే పడతాయి, మిగిలినవి రాలిపోయాయి. అలా సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాలేదు. పాజిటివ్ వచ్చినవాళ్లకు కబురందింది కానీ, వాళ్లను కలిసినవాళ్ల ఆచూకీ తీయడం ఆలస్యమైంది. గడి ఖాళీగా ఉన్నా ఎవరో ఒకరు అనుమానపడేవారు.

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారి ప్రాజెక్ట్ టైకో 1888 నుంచి ఉన్న అమెరికా వారపు నివేదికలను డిజిటల్ చేసింది. సున్నా అని రిపోర్టు వస్తే అందులో సున్నా వరస ఉంటుంది, రిపోర్టు లేని వారానికి వరసే ఉండదు. ఆ సంగతి వాళ్లు ముందే రాసి పెట్టారు, చదివేవాళ్లే తక్కువ. అందుకే ఎవరి డేటా తెచ్చుకున్నా ముందు జిల్లాలు, వారాలు పెట్టి పూర్తి చట్రం కట్టాలి. 20 జిల్లాలు, 52 వారాలు అంటే 1,040 వరసలు. వచ్చినవి 987 అయితే, ఆ 53 ఎక్కడివో రాసుకున్నాకే గ్రాఫ్ జోలికి వెళ్లాలి. 2020లాంటి ఏడాదికి 53 వారాలని మరిచిపోతే ఈ లెక్క కూడా తప్పుతుంది.

తమరికి నోరు ఇవ్వడం పెద్ద విద్యేమీ కాదు. పోలియో నిఘాలో కేసులు లేకపోయినా ప్రతి వారం సున్నా అని రిపోర్టు పంపాలి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వారి వారపత్రిక ఎంఎండబ్ల్యూఆర్ పట్టికల్లో కేసులు లేకపోతే గీత, సమాచారం అందకపోతే యు, నోటిఫై చేయనక్కరలేకపోతే ఎన్ అని వేరు వేరు గుర్తులు వేసేవారు. వైద్య సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే హెచ్ఎల్7 ఎఫ్‌హెచ్ఐఆర్ ప్రమాణంలోనైతే ఎందుకు లేదో చెప్పడానికే ఒక కోడ్ జాబితా ఉంది: అడగలేదు, అడిగినా తెలియదన్నారు, చెప్పనన్నారు, దాచాం, పరీక్ష చేయలేదు, ఇలా. జన్యుక్రమాలు భద్రపరిచే జెన్‌బ్యాంక్, దాని తోటి డేటాబేస్‌లు కూడా నమూనా తేదీ లేకపోతే సేకరించలేదో, సేకరించినా ఇవ్వలేదో చెప్పమంటాయి.

కనుక మేము కోరేది ఒక్క కాలమ్. కేసుల పక్కన స్థితి అని ఇంకొకటి పెట్టించుకోండి. అందులో అయిదే మాటలు: అందింది, అందలేదు, పరీక్షించలేదు, నోటిఫై పరిధిలో లేదు, దాచాం. కేసుల గడిలో తమరు ఉండవచ్చు, స్థితి గడిలో మాత్రం కాలు పెట్టకూడదు. సున్నా ఉందంటే పక్కన అందింది అనే ఉండాలి, అందింది అని ఉంటే పక్కన అంకె ఉండి తీరాలి. ఈ మూడు నియమాలనూ అప్‌లోడ్ దగ్గరే పరీక్షించి, తప్పిన ఫైలును వరస నంబరుతో సహా వెనక్కి పంపాలి. ఆలస్యంగా వచ్చిన అంకెను పాతదాని మీద దిద్దకుండా, అందిన తేదీతో కొత్త వెర్షన్‌గా వేయాలి. లేకపోతే రిపోర్టులు ఇంకా పూర్తిగా అందని ఆఖరి రెండు వారాలను చూసి వ్యాధి తగ్గిపోయిందని సంబరపడేవాళ్లను ఆపలేం.

ఇట్లు,
తమ చుట్టూ ఉన్న అంకెల మీద బతికేవాళ్లం

తా.క.: నమీబియా తరఫున ఒక ఫిర్యాదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఇచ్చిన రెండక్షరాల దేశ కోడ్‌లో ఆ దేశం పేరు ఎన్ఏ. పాండాస్, ఆర్ రెండూ ఆ అక్షరాలు చూడగానే తమరే వచ్చారనుకుని దేశాన్ని చెరిపేస్తాయి. దేశాల కాలమ్‌కి మూడక్షరాల కోడ్ వాడితే ఎన్ఏఎం అవుతుంది, ఎవరూ ముట్టుకోరు. రెండక్షరాలే కావాలంటే పాండాస్‌లో కీప్ డిఫాల్ట్ ఎన్ఏని ఫాల్స్ చేసి, ఖాళీకి గుర్తేమిటో మనమే చెప్పుకోవాలి.